సాలెవాడలో తిమింగలం

ఆ రోజుకు సిద్దిరాములు మాస్టరు వేసుకున్న పథకం సాదాసీదాది. పొద్దెక్కేలోగా సాలెవాడలో ఒక తిమింగలాన్ని గీయాలి. మధ్యాహ్నం బడి చూడవచ్చే డిప్యూటీ ఇన్‌స్పెక్టరుకు దాన్ని చూపించి ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. హుస్నాబాద్‌కు కొంత దూరంలోని ఆ ఊళ్లో ఆయన తాత్కాలికపు సైన్సు మాస్టరు. ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటే ఖాయం. లేకుంటే పిల్లల వేసవి సెలవులతోపాటే ఆయనకూ శాశ్వతంగా సెలవు.

చిక్కంతా పాఠ్యపుస్తకం తెచ్చిపెట్టింది. అందులో తిమింగలం బొటనవేలంత ఉంది. ఎదుటి పేజీలోని మిడత దానికంటే పెద్దది. సముద్రాన్ని ఎన్నడూ చూడని పిల్లలు ఆ బొమ్మను చూసి కొర్రమీనని తీర్మానించారు. “కూర మంచిగైతదా సార్?” అని వెనక వరుస నుంచి ప్రశ్న కూడా వచ్చింది. అది చేప కాదనీ, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందనీ, పిల్లకు పాలిస్తుందనీ మాస్టరు చెప్పిందంతా తరగతి మర్యాదగా విని, నమ్మకుండా ఊరుకుంది. అందుకు ఆయన నొచ్చుకోలేదు. చెప్పగానే నమ్మేవాళ్లంటేనే ఆయనకు అనుమానం. తిమింగలాన్ని తేలేడు గనుక, దాని కొలతనైనా తెచ్చి చూపదలచాడు.

అంత పొడవు ఖాళీ జాగా బడిలో లేదు. నేతగాళ్లు పడుగు దారాలను బారుగా చాచి గంజి పట్టించే సాలెవాడలో మాత్రమే ఉంది. వాడకు పెద్ద ఎల్లేశం. కోడి కూయగానే మాస్టరు వెళ్లి ఆయన తలుపు తట్టాడు.

“ఎన్ని గజాలుంటది సారూ?”

“ముప్పై.”

“ఒక్క శాపనా?”

“చేప కాదు ఎల్లేశం.”

“గాకుంటే గాకపాయె. పడుగు రేపు సాపుతం. ఇయ్యాల వాడంత నీదే. నేను నూలుకు హుస్నాబాద్ పోతున్న, పగటి బస్సుకొస్త.”

తెల్లవారగానే, వాడ ఇంకా నిద్ర లేవకముందే, మాస్టరు సున్నపు పొడితో గీత మొదలుపెట్టాడు. తల ఎల్లేశం ఇంటి ముందు, తోక వాడ చివర బాలవ్వ గడప ముందు పడ్డాయి. వీపు ఒక వరస ఇళ్ల ముందరి గద్దెలను, పొట్ట ఎదుటి వరస గద్దెలను రాసుకుంటూ పోయాయి. కంటికి గుండ్రంగా సున్నా చుట్టి, చేతిరెక్కను ఒక ఇంటి మెట్ల దాకా చాచి, తోకను మాత్రం పైనుంచి చూసినట్టు రెండు పాయలుగా అడ్డంగా పరిచి, తృప్తిగా ఒకసారి చూసుకుని, స్నానానికీ ఇస్త్రీ చొక్కాకూ ఇంటికి వెళ్లాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, మేస్త్రీ మొండయ్య కూలీలతో దిగాడు. ఆ వాడకు మురుగునీరు పోయే మోరి మంజూరై రెండు వానాకాలాలు దాటింది. “పొద్దుగాల నేనొచ్చి ముగ్గు పోయిస్త, ముగ్గు మీద తవ్వు” అని ఓవర్సీరు ముందురోజే చెప్పాడు. ఓవర్సీరు కనిపించలేదు గానీ ముగ్గు కనిపించింది. మొండయ్యకు కావలసింది ముగ్గే. గడ్డపారలు లేచాయి.

మోరి వచ్చిందని వాడంతా మొదట సంబరపడింది. అది వంపులు తిరగడం మొదలయ్యాక సంబరం సన్నగిల్లింది.

“ఓ మేస్త్రీ, నా గడప ముంగట మోరి రెండుగ చీలిందేందయ్యా?” అంది బాలవ్వ.

“ఒకటి వచ్చే నీళ్లకు, ఒకటి పోయే నీళ్లకు.”

“మరి ఎల్లేశం ఇంటికాడ గా గుండ్రం?”

“నీళ్లు ఇంకే గుంత. లోతుగ తియ్యాలె.”

“గా గుంత ఆయన ఇంటికాడ్నే ఎందుకు?”

“నాకేమెర్క? సదువుకున్నోళ్లు గీసిండ్రు. వంకరున్నదంటే దానికో లెక్కుంటది.”

లెక్క ఏమిటో వాడ తానే తేల్చుకుంది. ఎల్లేశం పొద్దున్నే హుస్నాబాద్ పోయింది నూలుకు కాదు, మోరిని తన ఇంటి చుట్టూ తిప్పించుకోవడానికి! కాసేపట్లోనే, వాడనంతా ఆయన ఎవరికో అమ్మేశాడన్న దాకా మాట వెళ్లింది. బాలవ్వ తోకలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, “నన్ను గిండ్లనే పూడ్చి పోండ్రి” అంది.

బస్సు ఆలస్యంగా వచ్చింది. ఇన్‌స్పెక్టరూ ఎల్లేశమూ ఒకే బస్సు దిగారు. తరగతిని వెంటబెట్టుకుని ఎదురేగిన మాస్టరు, “ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రాణి, సార్” అన్న వాక్యాన్ని నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని మలుపు తిరిగాడు. ప్రాణి అక్కడే ఉంది. కాకపోతే మోకాలి లోతున ఉంది.

“గీస్తనన్నవు గని తవ్వుతనని చెప్పలే గద సారూ!” అన్నాడు ఎల్లేశం.

మాస్టరు పరుగెత్తాడు. “ఆపు మొండయ్యా! అది మోరి కాదు, తిమింగలం!”

“గా ముచ్చట ముగ్గు పోసినోళ్లకు చెప్పు.”

“పోసింది నేనే!”

వాడంతా ఆయన వైపు తిరిగింది.

“నువ్వా సారూ! నా గడపకాడ చీల్చింది నువ్వా?” అంది బాలవ్వ.

“అది తోక, బాలవ్వా.”

“తలకాయ ఎల్లేశంకిచ్చి నాకు తోకనా? నేనేం తక్కువ చేసిన నీకు?”

మాస్టరుకు తన పెట్టె, పరుపుచుట్ట, ఊరు విడిచి పోయే బస్సు వరుసగా కళ్ల ముందు మెదిలాయి.

ఇన్‌స్పెక్టరు చేతికర్రతో గోతిని చూపాడు. “మాస్టర్, చేప తోక గిట్ల అడ్డంగ పరుచుకుని ఉంటదా?”

“శాప కాదు సార్!” అని తరగతి ఒక్క గొంతుతో అరిచింది. ఎల్లేశం బిడ్డ అనసూర్య గోతిలోకి దూకి తోక మొదట్లో నిలబడింది. “శాప తోక నిలువు సార్, పక్కలకు ఊగుతది. దీనిది అడ్డం, మీదికి కిందికి ఊపుతది. గాలి పీల్వనీకె మీదికి రావాలె గద! పిల్లకు పాలు గుడ ఇస్తది!”

ఇన్‌స్పెక్టరు కర్ర ఊతంగా గోతిలోకి దిగి, తోక నుంచి తల దాకా మెల్లగా నడిచి, కంటి దగ్గర ఆగాడు.

“పిల్లకు పాలిస్తదన్న మాట నిజమేనా?”

“నిజమే సార్.”

“నేను మాస్టరుగ ఉన్నన్నొద్దులు చేప అనే చెప్పిన.” గొంతు తగ్గించి, “ఆ మాట గీ గుంత దాటద్దు” అన్నాడు.

బాలవ్వ మాత్రం ఇంకో మాట పట్టుకుంది. “పాలిస్తదా? అయితే తల్లే గద. సరే తీ, తోక ఉండనీ.”

సాయంత్రానికి ఓవర్సీరు సున్నం బస్తాతో వచ్చి, చాలాసేపు తల గోక్కున్నాడు. తవ్వడానికి పైనుంచి మంజూరు ఉంది గానీ, పూడ్చడానికి లేదు. అందువల్ల ఆ వేసవిలో మాస్టరుతోపాటు మోరి కూడా ఖాయమైంది.

వానలకు ఊరి చెరువు పొర్లి, తిమింగలం కంట్లో రెండు కొర్రమీనులు దొరికాయి. బాలవ్వ కూరకు పట్టుకుపోబోతే, మాస్టరు వంగి తోకలు పరీక్షించి, అవి మాత్రం చేపలేనని ధ్రువీకరించాడు.