వెనక సీటు హోదా

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. ఏ చక్రం ఎవరి కోసం ఎంత జోరుగా తిరగాలో తేల్చే అధికారిని మాత్రం ఈమధ్యనే నియమించుకుంది. ఆయన పదవి పేరు వాహన గతివిధాన నిర్ధారణాధికారి. (ఆయనకింకా కారు మంజూరు కాలేదు. బస్సులో తిరుగుతున్నారు.)

మహబూబాబాద్‌లోని చెరువు కట్టల పరిరక్షణ విభాగానికి కరెంటు కారు వచ్చిన పూట అటెండర్ కొబ్బరికాయ కొట్టాడు, డ్రైవర్ అబ్బాస్ బిస్మిల్లా అనుకుని ఎక్కాడు. ఏళ్ల తరబడి డీజిల్ జీపు గేర్లతో కుస్తీ పట్టిన మనిషికి, చప్పుడు చేయకుండా కదిలే బండి చూస్తే కొంచెం సిగ్గేసింది. దొంగతనంగా పోతున్నట్టు అనిపించింది.

కారులో మూడు మోడ్‌లు ఉన్నాయి. ఎకోలో బ్యాటరీ ఆదా, సిటీలో మామూలు పరుగు, స్పోర్ట్స్‌లో ఊపు. రోడ్డును చూసి డ్రైవరే ఎంచుకుంటాడని తయారుచేసినవాళ్లు అమాయకంగా అనుకున్నారు. సర్కారు బండి రోడ్డును చూసి నడవదని, వెనక కూర్చున్నవారిని చూసి నడుస్తుందని వాళ్లకు తెలియదు.

ఆ లోటును విభాగం వెంటనే సరిదిద్దింది. సహాయ ఇంజినీర్లకు ఎకో, డివిజన్ స్థాయివారికి సిటీ. స్పోర్ట్స్ దగ్గర మాత్రం కాస్త చిక్కొచ్చింది. తెలుగు అనువాద సంఘం దాన్ని 'క్రీడా విధానం' అని రాయడంతో, పని వేళల్లో ఉద్యోగులు క్రీడల్లో పాల్గొనరాదన్న పాత నిబంధన అడ్డం వచ్చింది. పని వేళలు వర్తించనివారు ఎవరా అని వెతికితే జిల్లా అధికారి ఒక్కరే తేలారు. స్పోర్ట్స్ ఆయనకిచ్చారు.

ఎవరూ మోసం చేయకుండా వెనక సీటుకు ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. అది మొహం చూసి, హోదా తేల్చి, మోడ్ తనే వేస్తుంది; ఎవరు ఎక్కడికి పోయారో విభాగం యాప్‌లో రాసిపెడుతుంది. జనగామలో శిక్షణ ఇచ్చినప్పుడు అబ్బాస్ లేచి నిలబడ్డాడు.

"సార్, ఎన్క సీట్ల ఎవ్వరు లేకుంటే ఏ మోడ్ పడుతది?"

మంచి ప్రశ్న అని శిక్షకుడు మెచ్చుకుని స్పష్టత కోసం పైకి రాశాడు. అది వచ్చేదాకా ఖాళీ కారు కదలరాదన్నారు. అప్పట్నుంచి కారు కడిగించడానికి పోవాలన్నా ఎవరో ఒక ఇంజినీరు వెనక కూర్చోవాల్సి వచ్చేది. ఎక్కువసార్లు ఆ వంతు రచనదే. దేవరుప్పుల నుంచి వచ్చిన సహాయ ఇంజినీరు ఆమె. ఆఫీసులో అందరికంటే చిన్నది, కాబట్టి పని ఉన్నది ఆమెకొక్కదానికే.

వానలు ముసురుపట్టిన ఒక పొద్దున అబ్బాస్‌కు ఫోనొచ్చింది. భార్య ఖాజాబీ తమ్ముడు ఒవైస్. గార్ల అవతల వాళ్ల ఊరు. చెరువు కట్ట కిందనే అతని ఇల్లు, ఇంకా చాలా ఇళ్లు.

"భాయ్‌సాబ్, కట్ట కారుతున్నది. తూము తెరుద్దమంటే గేటుకు మీ ఆఫీసు తాళమున్నది. జర జల్ది రాండ్రి!"

రచన తాళంచెవి తీసుకుని పరుగున వచ్చి వెనక సీట్లో కూర్చుంది. కెమెరా ఆమెను తేరిపార చూసింది. ఎకో పడింది. కారు పెళ్లి ఊరేగింపులా బయలుదేరింది.

ఊరు దాటకముందే ఒక గొర్రెల మంద వాళ్లను దాటేసింది. గొర్లకాపరి ఆగి, బండి చెడిపోయిందా అని మర్యాదగా అడిగాడు కూడా. అబ్బాస్ కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా పడుకునే ఉంది. అతని గుండె మాత్రం ఎప్పుడో గార్ల చేరింది. అటు ఖాజాబీ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది; ఎత్తి ఏం చెప్పాలో తోచలేదు.

రచన సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఉమేష్ అనే ఉద్యోగి చాలా గౌరవంగా మాట్లాడాడు.

"చెరువు తెగిందా మేడం?"

"తెగలేదు. తెగకుండ ఆపుదమనే పోతున్నం. స్పోర్ట్స్ ఇయ్యిండ్రి."

"తెగితే విపత్తు కిందికి వస్తుంది మేడం, వెంటనే ఇచ్చేస్తాం. తెగకముందు ఇవ్వడానికి మా దగ్గర బటన్ లేదు. తెగాక ఒకసారి చేయగలరా?"

ఆమె జిల్లా అధికారి లక్ష్మీనర్సయ్యకు చేసింది. ఆయన భూపాలపల్లిలో సమీక్షా సమావేశంలో ఉన్నారు. (సమీక్ష కరెంటు కార్ల సద్వినియోగం గురించి.) ఆయన గొంతు తగ్గించి అన్నారు:

"అమ్మా, ఇయ్యాల నా మోడ్ ఇస్తే రేపు నా కుర్చీ అడుగుతరు. జాగ్రత్తగ పోండ్రి, తొందరపడకుండ్రి."

గార్ల చౌరస్తాలో అబ్బాస్ కారు ఆపేశాడు. ముందున్నదంతా ఎత్తు, బురద. ఎకోలో ఎక్కే దారి కాదది. అప్పుడు కనిపించింది ఫ్లెక్సీ. లక్ష్మీనర్సయ్యకు జన్మదిన శుభాకాంక్షలు చెబుతూ కాంట్రాక్టర్ అజయ్ కట్టించింది. (కిందటేడు ఆ చెరువు కట్టకు మరమ్మతు చేసింది కూడా అజయే. ఫ్లెక్సీ మాత్రం గట్టిగా ఉంది.) అందులో అజయ్ నిలువెత్తున ఉన్నాడు, లక్ష్మీనర్సయ్య ఒక మూల, మామూలు మనిషి మొహమంత సైజులో నవ్వుతున్నారు.

రచన, అబ్బాస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేడం, నౌకరి పోతదేమో."

"తాళంచెవి నా చేతుల ఉండి ఊరు మునిగితే, ఆ నౌకరి ఉండి ఏం జేస్కోవాలె అన్నా? కొయ్యి."

అబ్బాస్ కత్తి తెచ్చి జిల్లా అధికారిని మెడ దాకా కోశాడు. మిగిలిన ఫ్లెక్సీని కూడా మడిచి డిక్కీలో వేశాడు. రచన వెనక కూర్చుని ఆ మొహాన్ని తన మొహానికి అడ్డంగా పట్టుకుంది. కెమెరా చూసింది. 'నమస్కారం సర్' అని తెర మీద అక్షరాలు వచ్చాయి. స్పోర్ట్స్ పడింది. ఏసీ తనంతట తనే చల్లబడింది.

కారు ఎగిరింది. అంతే, ఇంకో మాట లేదు. అబ్బాస్ "యా అల్లా" అన్నది భయంతోనో సంతోషంతోనో అతనికే తెలియదు. గుంతల్లో కుదుపులకు మొహం కొంచెం పక్కకు జరిగితే చాలు, కారు నీరసపడిపోయేది.

"సార్‌ను సక్కగ పట్టుకోండ్రి మేడం!" అని అతను అరవడం, ఆమె సర్దుకోవడం, కారు మళ్లీ లేవడం. బురద ఎత్తును అలాగే ఎక్కేశారు.

కట్ట మీద ఊరంతా ఉంది. పోశాలు అనే పెద్దరైతు తన ట్రాక్టర్‌తో ఇసుక బస్తాలు తోలుతున్నాడు. రచన చెప్పుల్లేకుండా బురదలోకి దిగి తూము తాళం తీసింది. ఒవైస్, ఇంకో నలుగురు గేటు ఎత్తారు. నీళ్లు కాలువలోకి దూకాయి. కట్ట మీద కారుతున్న చోట బస్తాలు ఆగలేదు. ఏదైనా పరదా కావాలన్నారు. అబ్బాస్ డిక్కీలోంచి ఫ్లెక్సీ తెచ్చాడు. అది చాలక రచన చేతిలోని మొహాన్ని కూడా కలిపి పరిచి, మీద బస్తాలు వేసి తొక్కారు.

"గీ సారెవరు బిడ్డా?" అని పోశాలు అడిగాడు.

"మా జిల్లా అధికారి, బాపు."

"నీళ్లకు మంచిగ ఆనుతున్నడు," అన్నాడు పోశాలు.

మధ్యాహ్నానికి కారడం ఆగింది. ఒవైస్ కట్ట మీదే కూలబడి ఏడ్చాడు. అబ్బాస్ అప్పుడు ఫోనెత్తి, "ఖాజా, ఘర్ సలామత్ హై, ఇల్లు మంచిగున్నది," అన్నాడు.

వారం గడవకముందే పైనుంచి ప్రశంస వచ్చింది. యాప్ ప్రకారం, జిల్లా అధికారి లక్ష్మీనర్సయ్య జోరువానలో స్వయంగా కట్ట దగ్గరికి చేరి ఊరిని కాపాడారు. అదే సమయంలో ఆయన భూపాలపల్లి సమీక్షలో కూడా ఉన్నందున, ఏకకాలంలో రెండుచోట్ల విధులు నిర్వర్తించిన అధికారిగా ఆయన పేరును అవార్డుకు సిఫారసు చేశారు. ఆయన మొదట నివ్వెరపోయారు. శాలువా కప్పాక, తను కట్ట దగ్గరికి వెళ్లినట్టే నెమ్మదిగా గుర్తొచ్చింది.

అదే యాప్ ప్రకారం గార్ల దాటాక కారులో రచన లేదు. విపత్కాలంలో విధులకు గైర్హాజరైనందుకు ఆమె మీద విచారణ వేశారు. సాక్షిగా అబ్బాస్‌ను పిలిచారు. రాత్రంతా ఖాజాబీతో మాట్లాడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని తేల్చుకుని వచ్చాడు.

"సార్, ఎన్క సీట్ల రచన మేడమే ఉన్నది. సార్ మొహం మేమే కోసి పట్టుకున్నం. తప్పయితే నాది. నా కండ్లతోటి అద్దంల చూసుకుంట వచ్చిన."

విచారణాధికారి ఇద్దరి సాక్ష్యాలనూ తూచి చూశారు. కెమెరాకు అబద్ధమాడే అవసరం లేదని, డ్రైవర్‌కు బావమరిది ఉన్నాడని గుర్తించారు. క్రీడా విధానంలో బండి నడుపుతూ రోడ్డు చూడకుండా వెనక సీటు చూసినందుకు అబ్బాస్‌కు మెమో ఇచ్చారు.

ఆ రోజు రచన చెరువు దగ్గర లేదని నిర్ధారిస్తూ తుది ఉత్తర్వు వెలువడింది. దాన్ని ఆమెకు స్వయంగా అందజేయాలని ఆఫీసంతా వెతికితే కనిపించలేదు. ఎప్పటిలాగే చెరువు దగ్గర ఉందని తెలిసి, అక్కడికే పంపించారు.