ఏడో తరం తల

బుధవారం నుంచి ఊరికి కొత్త వెర్షన్ వస్తోందని, ఎనిమిదో తరం కంటే పాత తలలకి అది ఎక్కదని మునిసిపాలిటీ వాళ్లు ఆటోకి మైకు కట్టి వీధివీధీ చెప్పారు. బట్టల కొట్లో పనిచేసే సత్తిరాజు భార్య చేత చెవి వెనక నంబరు చూపించుకున్నాడు.

"ఏడో తరమండి," అంది మంగతాయారు, గొంతు తగ్గించి. ఆవిడది ఎనిమిది.

సత్తిరాజు మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్లి కౌంటర్లో కూర్చున్నావిడతో మొరపెట్టుకున్నాడు. "నా తల బాగానే పనిచేస్తోందండి. రాత్రి ఏం తిన్నానో కూడా చెప్పగలను."

"పనిచెయ్యట్లేదని ఎవరన్నారండీ? లక్షణంగా పనిచేస్తది. ఊరు మిమ్మల్ని పట్టించుకోడం మానేస్తదండి, అంతే. కావాలంటే కొత్త తల పెట్టించుకోండి. కాకపోతే పాతవేవీ గుర్తుండవు. మీ ఆవిణ్ణే మళ్లీ పెళ్లి చేసుకోవాలి."

మొదటిసారి ఆ సంబంధం ఒప్పించేసరికే తలప్రాణం తోకకొచ్చింది. సత్తిరాజు వద్దని ఇంటికొచ్చేశాడు.

బుధవారం పొద్దున్న అతను ఎప్పటిలాగే వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నాడు. అతనికి మంగతాయారు కనిపిస్తోంది. ఆవిడకి అతను కనిపించడం లేదు. నిబంధన అంతే గనక ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

ఆ ఇంట్లో ఉప్పు చూడటం సత్తిరాజు పని. పులుసు మరుగుతుండగా ఆవిడ గరిటె చాపేది, అతను అరచెయ్యి పట్టేవాడు. కొత్త వెర్షన్‌లో ఉప్పు దానంతటదే సరిపోతుంది. అయినా ఆవిడ అలవాటు కొద్దీ ఖాళీ పీట వైపు గరిటె చాపింది. పులుసు అతని అరచేతిలోంచి జారి నేల మీద పడింది.

"కాస్త తక్కువైంది మంగా," అన్నాడు అతను అందాజుగా.

ఆవిడ కాసేపు నేల వంక చూసి, తుడిచింది. మర్నాడూ అంతే. సత్తిరాజు ఆ ఒక్క క్షణం కోసమే రోజంతా గడిపేవాడు. కానీ ఊళ్లో చాలా ఇళ్లలో పులుసు ఊరికే ఒలికిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. మునిసిపాలిటీ ఒక మధ్యాహ్నం చిన్న సవరణ పంపింది. తర్వాతి రోజు మంగతాయారు పులుసు తిన్నగా గిన్నెలోకి వంపేసింది. చెయ్యి చాపుకుని కూర్చున్న సత్తిరాజు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇక మిగతా వాటికి లోటు లేదు. పాత తలల వాళ్లకి నీళ్లొచ్చేవి, కరెంటుండేది, కొట్లుండేవి. వాళ్లున్నారన్న సంగతి మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

ఏడాది తిరక్కుండానే మళ్లీ మైకు వచ్చింది. ఈసారి పదో తరం కంటే పాత తలలకి ఎక్కదట. మంగతాయారు చెవి వెనక తడుముకుని, గోడకి చేరగిలబడింది.

సత్తిరాజుకి సంతోషం పట్టలేకపోయింది. వెంటనే సిగ్గేసింది. కాసేపటికి మళ్లీ సంతోషమే వేసింది. ఆవిడ పక్కన చతికిలబడి, "భయపడకు మంగా. ఇక్కడ అందరం ఉన్నాం," అన్నాడు. ఆవిడకి వినబడలేదు.

అతను చీపురు తీసుకుని బయటికొచ్చాడు. అప్పటికే వీధి వీధంతా పాత తలల వాళ్లు వాకిళ్లు ఊడుస్తున్నారు.

"మీ ఇంటికి ఎంతమందండీ వచ్చేది?" అనడిగింది ఎదురింటావిడ.

"ఒక్కర్తేనండి. మీ ఇంటికో?"

"మాకు అందరూనండి," అంటూ ఆవిడ గబగబా కళ్లాపి చల్లింది.