కాలువకు ఇవ్వని గుట్ట

పాత ఇల్లు కూల్చిన మర్నాడు పొద్దున కాంట్రాక్టరమ్మ అనుకున్నది ఒక్కటే: పదింటికల్లా శిథిలాలన్నీ లారీకెక్కించి, ఊరవతల వాటిని పొడి కొట్టే యార్డుకు పంపెయ్యాలి. శిథిలాలన్నీ ఎక్కించాక డ్రైవరు తాపీగా అన్నాడు.

"అంత దూరం ఎందుకమ్మా? వెనకాల కాలువుంది. అందరూ అందులోనే పోస్తారు."

"అందరి సంగతి నాకెందుకు? నా సైటు నుంచి పెంకు ముక్క కూడా కాలువలో పడదు."

డ్రైవరుకు రోషం పొడుచుకొచ్చింది. ఎక్కించినదంతా వీధి మధ్యలో గుమ్మరించి, ఖాళీ లారీతో వెళ్లిపోయాడు.

అందులో మేకులున్నాయని ఆమె ఒక చెక్క మీద సుద్దతో 'ముట్టుకుంటే ప్రమాదం' అని రాసి నిలబెట్టింది. ఎదురింటి పెద్దాయన అది చదివి విషమనుకున్నాడు. పక్కింటావిడ మున్సిపాలిటీకి చేసిన ఫోన్లో విషం కాస్తా గ్యాసయింది. గంట తిరిగేసరికి మున్సిపాలిటీ అధికారి ముక్కుకు రుమాలు కట్టుకుని జీపు దిగాడు.

"గ్యాసేదమ్మా?"

"మేకులండీ. అంతే."

మేకుల కోసం వచ్చానని చెప్పుకోలేక ఆయన గొంతు పెంచాడు. "మధ్యాహ్నానికల్లా ఇది ఇక్కడ ఉండకూడదు. ఆ కాలువలో పారేయించండి."

"ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

ఆయన రాయలేదు. ఆమె కుర్చీ తెప్పించి గుట్ట మీద వేయించుకుని కూర్చుంది. "యార్డుకెళ్లే లారీ వచ్చేదాకా దిగను. మీ ఇష్టం."

అధికారి విసురుగా జీపెక్కి వెనక్కి తిప్పించాడు. పైపుల కోసం ఆయన ఆఫీసువాళ్లే తవ్వి వదిలేసిన గోతిలోకి వెనక చక్రం ఇరుసు దాకా దిగింది. ఎంత తోసినా కదల్లేదు. చక్రం కిందకి గట్టి ఇటుకముక్కలు కావాలి. అవి వీధి మొత్తంలో ఒక్కచోటే ఉన్నాయి.

"నాలుగు గంపలు ఇప్పించండమ్మా," అన్నాడు రుమాలు విప్పి.

"కాలువలో పారేసేవి మీకెందుకండీ?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఆఫీసు లారీ తెప్పిస్తాను. యార్డుకే."

"ఇప్పుడే ఫోన్ చెయ్యండి. వింటాను."

ఆయన చేశాడు. ఆమె దిగి, మేకులూ ఇనుమూ ఏరించి పాతసామాన్లవాడి కోసం పక్కన పెట్టించి, గంపలెత్తించింది. జీపు పైకొచ్చింది గానీ ఇరుసు విరిగింది. గొయ్యి పూడటం చూసిన వీధివాళ్లు తమ వాకిళ్ల ముందు గోతులకూ ముక్కలు అడిగారు. ఆమె కాదనలేదు.

రెండింటికి లారీ వచ్చేసరికి గుట్ట లేదు. ఎక్కించడానికి ఇంకేమీ లేక, అందులో అధికారి ఎక్కాడు.