ప్రశాంతతలో ఫస్టు ర్యాంకు

పరీక్షల వల్ల పసిపిల్లలు పడుతున్న ఒత్తిడి చూసి విద్యామంత్రిగారి గుండె తరుక్కుపోయింది. ఆ తరుక్కుపోయిన గుండెతోనే ఆయన మైకు ముందుకొచ్చి, ఒత్తిడిని కూకటివేళ్ళతో పెకలించడానికి దేశంలోని పిల్లలందరికీ ఒకే రోజున, ఒకే ప్రశ్నపత్రంతో ఇంకో పరీక్ష పెడుతున్నట్టు ప్రకటించారు. దాని పేరు సార్వత్రిక ప్రశాంతతా పరీక్ష. అందులో తప్పిన పిల్లలు ప్రశాంతంగా ఉండేదాకా మళ్ళీ మళ్ళీ రాసుకోవచ్చు. పిల్లలు తప్పిన బడిని మూసేస్తారు. ఇంతకంటే దయ ఎవరికుంటుంది?

ఆ వారంలోనే హెడ్మాస్టరుగారు టైలరమ్మకి కబురు పెట్టారు. ఆమె మెడలో టేపు మెడలోనే ఉండగా పరుగున వెళ్ళింది. ఆమె కూతురు నాలుగో క్లాసు. వాగుడు ఎక్కువని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు.

"మోడల్ టెస్టులో మీ అమ్మాయి చేసిన నిర్వాకం చూశారా అమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు. "'పరీక్షంటే నీకు భయమా?' అని ప్రశ్న. ఆప్షన్లు నాలుగిచ్చాం. ఎ, లేదు. బి, అస్సలు లేదు. సి, ఎప్పుడూ లేదు. డి, పైవన్నీ. మీ పిల్ల నాలుగూ కొట్టేసి, పక్కన 'ఔను' అని రాసింది!"

"నిజంగానే భయం సార్ దానికి. పరీక్షంటే పొద్దున్నే కడుపునొప్పి మొదలు."

"నిజం ఎవరు రాయమన్నారమ్మా? కరెక్టు ఆన్సరు రాయాలి గానీ! ఇలాంటి పిల్ల ఒక్కతి చాలు, మా అందరి నోటి దగ్గర కూడు పోవడానికి."

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంతమంది ఉద్యోగాలు తన కూతురి కడుపులో ఉన్నాయని ఆమెకి అంతవరకూ తెలియదు.

మర్నాటి నుంచి ఆటల పీరియడ్ తీసేసి ఆనందం పీరియడ్ పెట్టారు. అందులో డ్రిల్లు మాస్టారు బెత్తం పట్టుకుని, "నవ్వమంటే నవ్వరేంరా గాడిదల్లారా!" అని పిల్లలకి ఉల్లాసం నేర్పేవారు. ప్రాక్టికల్సులో చిరునవ్వు కనీసం రెండంగుళాలు ఉండాలని పైనుంచి ఆర్డరొచ్చింది. అది మాత్రం టైలరమ్మకి వచ్చిన విద్యే. రోజూ సాయంత్రం కూతుర్ని మిషను పక్కన నిలబెట్టి, పెదవుల మీద టేపు పెట్టి చూసేది.

"ఇంకాస్త లాగవే. అర అంగుళం తక్కువుంది."

"నొప్పెడుతోందమ్మా!"

"నొప్పనకు. ఆ మాటకి మార్కులు కోస్తారు."

తర్వాత ఇంటి వాతావరణం పరిశీలించడానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. పిల్ల తండ్రి బస్సు డ్రైవరు. ఇంజను మోతని మించి మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు ఆ స్థాయిలోనే స్థిరపడిపోయింది.

"ఇంట్లో ఎవరైనా గట్టిగా అరుస్తారా?" అని అడిగారు ఇన్‌స్పెక్టరుగారు.

"ఎవరూ అరవరండీ!" అన్నాడాయన. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళాక ఇంట్లో మాటలు తగ్గించేశారు. అందరికంటే ఎక్కువ తగ్గించింది పిచ్చుక. బడి నుంచి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేది. అడిగితేనే మాట్లాడేది. ఓ పొద్దున తల్లి ఉండబట్టలేక దగ్గరికి తీసుకుని, "కడుపునొప్పేమైనా ఉందటే?" అంది.

"అస్సలు లేదు," అంది పిల్ల, ప్రశ్న పూర్తవకముందే.

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఎందుకో మనసు చివుక్కుమంది. కానీ ఆనందం పీరియడ్‌కి టైమవుతోంది, పిల్లకి జడలు వెయ్యాలి.

పరీక్ష అయింది. పిచ్చుకకి నూటికి నూరు. దేశంలో ఫస్టు ర్యాంకు. హెడ్మాస్టరుగారు టైలరమ్మ కొట్టుకి స్వయంగా వచ్చి, ఆనందం పట్టలేక, పంట్లాం ఒకటి కుట్టడానికిచ్చి వెళ్ళారు.

సన్మానసభకి మంత్రిగారే వచ్చారు. పిల్ల మెడలో దండ వేశారు. దండ మోకాళ్ళదాకా వచ్చింది. కెమెరాలన్నీ మీదికొచ్చాక ఆయన వంగి, వెన్నలాంటి గొంతుతో, "చూడు తల్లీ, నీకేం కావాలన్నా అడుగు. ఏదైనా సరే, ఈ క్షణంలో శాంక్షన్ చేసేస్తా," అన్నారు.

ముందు వరసలో టైలరమ్మ కుర్చీ అంచుకి జరిగింది. అడగవే, ఆటల పీరియడ్ అడుగు, పరీక్షలు తీసెయ్యమని అడుగు, నోరు తెరిచి ఏదో ఒకటి అడగవే అని లోలోపల గింజుకుంది.

పిల్ల మంత్రిగారి వంక చూసింది. రెండంగుళాలు నవ్వింది. చేతులు కట్టుకుని వినయంగా అంది:

"ఆప్షన్లు చెప్పండి సార్."

మంత్రిగారు కార్యదర్శి వంక చూశారు. కార్యదర్శిగారు పరీక్షల డైరెక్టరు వంక చూశారు. డైరెక్టరుగారు చటుక్కున లేచి, కోటు గుండీ పెట్టుకుని, మైకు సరిచేసుకున్నారు.

"ఎ..." అని మొదలుపెట్టారు.