ప్రభుదాసు ఏటేటి రాజీనామా

ఆ ఉదయం ప్రభుదాసు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటూ భార్యకు వంట పురమాయించాడు.

"బగారన్నం, కోడికూర చెయ్యి స్టెల్లా. జర ఎక్కువనే చెయ్యి. పొద్దూకినంక మనుషులొస్తరు."

"ఇయ్యాల రాజీనామానా?" అంది స్టెల్లా, ఉల్లిగడ్డల బుట్ట ముందుకు లాక్కుంటూ.

"అవ్."

ఆమె బుట్టలోంచి ఇంకో నాలుగు ఉల్లిగడ్డలు ఎక్కువ తీసింది. ఇబ్రహీంపట్నంలోని ఆ ఇంట్లో ఏడాదికి క్రిస్మస్ ఒకసారి, ఈస్టర్ ఒకసారి, రాజీనామా ఒకసారి వస్తాయి.

ప్రభుదాసు శేరిగూడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సుల ఇన్‌ఛార్జి. కాలేజీ తెరిచే రోజులు రాగానే 'నెల నోటీసు ఇస్తున్నాను, ఆ పైన నా దారి నాది' అని కాగితం రాసి చైర్మన్ ఈశ్వరయ్య బల్ల మీద పెడతాడు. ఈశ్వరయ్య దాన్ని చదవడు. "నువ్వు పోతే బస్సులెట్ల నడుస్తయ్ ప్రభుదాసూ?" అంటూ చాయ్ తెప్పిస్తాడు. ఇతను బెట్టు చేస్తాడు. సాయంత్రం డ్రైవర్లు ఇంటికొచ్చి "పోకు సార్" అని బతిమాలి, కోడికూర తిని పోతారు. మర్నాడు ఇతను పెద్ద మనసు చేసుకుని డ్యూటీకి ఎక్కుతాడు. డ్రైవర్లు వచ్చేది స్టెల్లా చేతి కూర కోసమని కాలేజీలో చెట్టుకూ పుట్టకూ తెలుసు. ఇతనికొక్కడికే తెలియదు. తెలుసుకునే పని ఎన్నడూ పెట్టుకోలేదు కూడా.

ఈసారి పండుగకు అతిథి కూడా ఉన్నాడు. బడంగ్‌పేట్‌లో ప్లాట్లు అమ్మే తోడల్లుడు కిరణ్ కుమార్ ఏ పెళ్లిలో కనపడినా నలుగురి ముందూ "ఏం సడ్డకా, ఇంకా గా బస్సులే తుడుస్తున్నవా?" అని అడుగుతాడు. తనను జనం ఎలా బతిమాలుతారో వాడి కళ్లతో వాడే చూడాలని ప్రభుదాసు పనిగట్టుకుని భోజనానికి పిలిచాడు.

ఒక్క సంగతిని మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. ఈశ్వరయ్య మోకాళ్ల నొప్పులతో ఇంటి పట్టున ఉంటున్నాడు. ఆ కుర్చీలో ఇప్పుడు ఆయన కొడుకు మహిధర్ కూర్చుంటున్నాడు. కుర్చీలో మనిషి మారినంత మాత్రాన మర్యాద మారుతుందా అనుకున్నాడు ప్రభుదాసు.

మహిధర్ కాగితం తీసుకుని చదివాడు. కొంప మునిగింది అక్కడే. ఇన్నేళ్లలో దాన్ని చదివిన మొదటి మనిషి అతనే.

"ఓకే, యాక్సెప్టెడ్" అన్నాడు. "నెల నోటీసు గూడ అక్కర్లేదు. ఇయ్యాలనే రిలీవ్ అయిపోండి."

ప్రభుదాసు కుర్చీలో ముందుకు జరిగాడు. "గట్ల కాదు సార్. మీరు వద్దనాలె."

"ఎందుకు?"

ఎందుకో ప్రభుదాసు ఎన్నడూ ఆలోచించలేదు. "పెద్దసారైతే చాయ్ తెప్పిస్తుండె" అన్నాడు చివరికి.

"చాయ్ కావాల్నా? క్యాంటీన్ల తాగి పోండి."

"బస్సులు ఆగిపోతయ్ సార్!"

"యాప్ ఉన్నది" అన్నాడు మహిధర్, ఫోన్ చూసుకుంటూ. ఆ వంశంలో ఒక తరానికి చాయ్‌తోనూ, ఇంకో తరానికి యాప్‌తోనూ లోకం నడుస్తుందని నమ్మకం.

గేటు దగ్గర ఐడీ కార్డు తీసేసుకున్నారు. బయట బస్సు ఇబ్రహీంపట్నానికి బయల్దేరబోతోంది. ప్రభుదాసు అలవాటుగా మెట్టు మీద కాలు పెట్టాడు. డ్రైవర్ నారయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్డు సార్?"

"నేనే కదా నారయ్యా!"

"కార్డు లేనోళ్లను ఎక్కించొద్దని రూలు. నువ్వు పెట్టిందే. మొన్న నా పెండ్లాం సద్ది తెస్తే ఎండల దించినవ్, యాదున్నదా?"

యాదికి ఉంది. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ప్రభుదాసు నెత్తిన రుమాలు వేసుకుని నడిచాడు. యాభై దాటిన మనిషికి ఇంకో కాలేజీలో కొలువు దొరకదు. కొలువు లేకపోతే ఇల్లు గడవదు. అంత కష్టంలోనూ అతని కళ్ల ముందు మెదిలింది ఇల్లు కాదు, కిరణ్ కుమార్ పళ్లు. మనిషి గొప్పతనం ఎక్కడ బయటపడాలో అక్కడే బయటపడుతుంది.

చెట్టు నీడన ఆగి డ్రైవర్లకు ఫోన్లు కొట్టాడు. ఎత్తినవాడు సలాహుద్దీన్ ఒక్కడే. మంచివాడు. లోపమల్లా ఒకటే, అబద్ధమాడడం రాదు.

"భాయ్, పొద్దూకినంక మనోళ్లను ఇంటికి తోల్కరా. ఎప్పటి లెక్కనే బతిమాలాలె."

"ఎవ్వరు రారన్నా. అందరు దావత్‌ల ఉన్నరు."

"ఏం దావత్?"

"నువ్వు పోయినవని అన్నా."

ప్రభుదాసు ఆ మాటను దిగమింగాడు. "సరె, ఎవరినన్న తోల్కరా. కోడికూర ఉన్నదని చెప్పు. నేనెంత వద్దన్నా ఇడిసిపెట్టొద్దు. కొత్త మనిషి కనవడ్డప్పుడల్ల గట్టిగ ఏడ్వాలె. నా సడ్డకుడు సూడాలె."

ఇంట్లో ఏమీ చెప్పలేదు. స్టెల్లా పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే వెళ్లి, మసాలా తగ్గిందని వంక కూడా పెట్టాడు.

పొద్దు గుంకే వేళకు కిరణ్ కుమార్ వచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు. వెనకాలే సలాహుద్దీన్ ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు. ముగ్గురూ ఆటోవాళ్లు. వాళ్లలో జంగా అనే అతను గడప దాటుతూనే ప్రభుదాసు కాళ్ల మీద పడ్డాడు.

"నువ్వు పోతే కాలేజీ ఆగమైతది సార్! పిలగాండ్లు ఆగమైతరు!"

కన్నీళ్లు నిజంగానే కారాయి. నిరుడు చచ్చిపోయిన బర్రెను తలుచుకున్నాడని తర్వాత తెలిసింది. కిరణ్ కుమార్ కాలు మీది కాలు దించాడు. ఆ ఒక్కటీ చూసేసరికి ప్రభుదాసుకు పొద్దుటి ఎండా, పోయిన కొలువూ అన్నీ మరుపున పడ్డాయి.

"లె జంగా. నేను మాటిచ్చిన, తప్పను" అన్నాడు గంభీరంగా.

"ఒప్పుకో సడ్డకా, పాపం" అన్నాడు కిరణ్ కుమార్, గొంతు తగ్గించి.

"ఆ చైర్మనే వచ్చి అడిగినా ఒప్పుకోను!"

అప్పుడే స్టెల్లా పళ్లేలు పట్టుకుని వచ్చింది. ఏడుస్తున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"జంగా, ఆదివారం చర్చికి నీ ఆటోలనే కదా పోతం? బస్సు డ్రైవర్‌వు ఎప్పుడైనవ్?"

జంగా సలాహుద్దీన్ వంక చూశాడు. సలాహుద్దీన్ తనకు వచ్చిన ఒకే ఒక విద్య ప్రదర్శించాడు. "డ్రైవర్లు దావత్‌ల ఉన్నరక్కా. అన్నను పొద్దుగాలనే తీసేసిన్రు గద, గా ఖుషీల."

కిరణ్ కుమార్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. స్టెల్లా నవ్వలేదు.

"నిజంగనే పోయిందా? ఉన్న కొలువును నీ చేతులతోని నువ్వే పోగొట్టుకోని, దానికి నాతోని కోడికూర చేయించినవా? పైంగ మసాలా తక్కువైందా?"

ప్రభుదాసు ముఖం కడుక్కునే నెపంతో పెరట్లోకి జారుకున్నాడు. పిలిచి పెట్టిన కూర ఎట్లా వదులుకుంటారు, ఆటోవాళ్లు వాకిట్లో కూర్చుని తినసాగారు. లోపల కిరణ్ కుమార్ నవ్వు ఆగడం లేదు.

ఇంతలో ఒక పాత స్కూటర్ వచ్చి ఆగింది. దుమ్ము కొట్టుకుపోయిన తెల్ల బట్టల్లో ఒక ముసలాయన కుంటుకుంటూ దిగాడు. "ప్రభుదాసు ఉన్నడామ్మా? నేను కాలేజీ చైర్మన్‌ను."

"వారెవ్వా!" అని కిరణ్ కుమార్ చప్పట్లు కొట్టాడు. "చైర్మన్ ఏషం గూడ కట్టించినవా సడ్డకా? మస్తుగున్నది!"

స్టెల్లా ఈశ్వరయ్యను ఎన్నడూ చూడలేదు. పెరటి వైపు తిరిగి అరిచింది. "ఇంకొకడొచ్చిండు! చైర్మన్ అంట!"

ముఖం నిండా సబ్బు నురగతో ఉన్న ప్రభుదాసుకు ఒళ్లు మండింది. సలాహుద్దీన్ మరీ అతి చేశాడనుకున్నాడు. పొద్దుట్నుంచి కడుపులో కుక్కుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాడు.

"వెళ్లగొట్టు వాణ్ని! సొంత కొడుక్కు బుద్ధి చెప్పుకోలేనోడు నన్నేం బతిమాల్తడు? ఇన్నేండ్లు చాయ్ నీళ్లు పోసి నాతోని గొడ్డు చాకిరీ చేయించుకున్నడు, పిసినిగొట్టు ముసలోడు! ఆ కాలేజీ దిక్కు తల పెట్టి గూడ పండ, పో!"

లోపల నవ్వు ఠక్కున ఆగిపోయింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చిన ప్రభుదాసుకు మొదట కనపడింది చేతులు కట్టుకుని నిలబడ్డ సలాహుద్దీన్. ఆ తర్వాత ఈశ్వరయ్య.

జరిగిందేమిటంటే, సాయంత్రం కాలేజీలో బస్సులు కదలలేదు. డ్రైవర్లు దావత్ నుంచి వస్తే కదా కదలడానికి! పిల్లల తల్లిదండ్రులు ఈశ్వరయ్య ఇంటికి ఫోన్లు చేశారు. బస్సులెందుకు ఆగాయని ఆయన వాచ్‌మన్‌ను అడిగితే, ప్రభుదాసు సార్‌ను తీసేసినందుకని చెప్పాడు. నిజమే చెప్పాడు పాపం. డ్రైవర్లు దుఃఖంతో సమ్మె చేస్తున్నారని ఈశ్వరయ్య అర్థం చేసుకున్నాడు. మోకాళ్ల నొప్పి కూడా చూసుకోకుండా స్కూటర్ ఎక్కాడు.

"సార్... ఏషమనుకున్న సార్!" ప్రభుదాసు తువ్వాలు కింద పడేసి చేతులు జోడించాడు. "నేను రేపట్నుంచే వస్త సార్. ఇప్పుడే రమ్మన్నా వస్త!"

"వద్దులే. నిన్ను తోల్కపోదామనే వచ్చిన" అన్నాడు ఈశ్వరయ్య. "ఇన్నేండ్ల సంది నువ్వు రాజీనామా ఇస్తె నేను ఒక్కపారి నమ్మలే. ఇయ్యాల నీ నోటెంట ఇన్నంక నమ్మిన."

ఆయన వెనుదిరిగాడు. వాకిట్లో తిండి మీంచి అప్పుడే తలెత్తిన జంగాకు ఒక కొత్త మనిషి కనపడ్డాడు. ఏడుస్తానన్న మాట మాటే. పళ్లెం పక్కన పెట్టి, ఎంగిలి చేతులు జోడించి భోరుమన్నాడు.

"కాలేజీ ఆగమైతది సార్! పిలగాండ్లు ఆగమైతరు!"

ఈశ్వరయ్య కళ్లు చెమర్చాయి. "నీది ఏ రూటు బిడ్డా?"

"హయత్‌నగర్ సార్" అన్నాడు జంగా. అబద్ధం కాదు, ఆటో అటే తిప్పుతాడు.

"కాలేజీ కోసం ఇట్ల ఏడ్చినోన్ని నేను సూడలే. పొద్దుగాల ఆఫీసుకు రా. బస్సులు నువ్వే సూసుకో."

ప్రభుదాసు నోరు తెరిచాడు. స్టెల్లా గరిటె ఎత్తేసరికి మళ్లీ మూశాడు. కిరణ్ కుమార్ కూర రెండోసారి వడ్డించుకుని, మసాలా సరిగ్గానే ఉందని తీర్పు చెప్పాడు.

ఇప్పుడు బస్సుల ఇన్‌ఛార్జి జంగా. బస్సులు ఇదివరకు ఎలా నడిచేవో అలాగే నడుస్తున్నాయి. ఊరికే పడి ఉన్న జంగా ఆటోను ప్రభుదాసు హయత్‌నగర్ దారిలో నడుపుతున్నాడు. ఐడీ కార్డు లేనివాళ్లను కూడా ఎక్కించుకుంటున్నాడు.