పిచ్చి దవాఖానకు పట్టిన మహర్దశ

పాత పిచ్చాసుపత్రుల్ని రిసార్టులుగా మార్చడం కంటే సమాజానికి మేలు చేసే పని ఇంకొకటి లేదు. ఇది నవ్వులాటకు అంటున్న మాట కాదు. అనుమానం ఉన్నవారు మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో ఎత్తయిన రాతిగోడ కనిపించిన చోట ఆగి, గేటు దగ్గర ముత్తయ్యను అడగవచ్చు. బుకింగ్ లేకపోతే లోపలికి మాత్రం రానివ్వడు.

ఆ రాతి బంగళాను ఎవరో జాగీర్దారు వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టించాడు. తర్వాత ఒక పెద్ద డాక్టరు కొని, నలభై మంచాలు వేసి మానసిక వైద్యశాల పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లకు అది పిచ్చి దవాఖాన. డాక్టరుగారు పోయాక వారసులు దాన్ని మూసేశారు. రెండేళ్లు కోళ్ల దాణా గోడౌను అయింది. ఆ తర్వాత ఫంక్షన్ హాలు అయింది. పిచ్చాసుపత్రిలో పెళ్లేమిటని అక్కడ తాళి కట్టినవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. కాపురాలు మొదలయ్యాక, తగిన చోటే కట్టామని కొందరికి అనిపించి ఉండవచ్చు.

ఇప్పుడది ‘నిశ్చల’ వెల్‌నెస్ రిట్రీట్. నలభై మంచాలు పోయి పద్దెనిమిది సూట్లు వచ్చాయి. అభివృద్ధి అంటే ఇది కాదా?

యజమానులు మారినప్పుడల్లా సామాన్లు మారాయి, ముత్తయ్య మారలేదు. పొద్దున్నే అత్వెల్లి నుంచి టీవీఎస్ బండి మీద వచ్చి అదే గేటు దగ్గర అదే స్టూలు మీద కూర్చుంటాడు. నీళ్ల పైపులు ఎక్కడ ఉన్నాయో, ఏ తాళానికి ఏ చెవో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే కొన్నవాళ్లందరూ బిల్డింగుతోపాటు ఆయన్నీ ఉంచుకున్నారు. ఒకప్పుడు లోపలివాళ్లు బయటికి పోకుండా చూడటం ఆయన పని. ఇప్పుడు బయటివాళ్లు లోపలికి రాకుండా చూడటం. దీన్ని ప్రమోషన్ అనే అనుకోవాలి.

మేనేజరు హరిచందన మంచి పిల్ల. మొదటివారం ఆమెకు ఒక్కటే బాధ. “ముత్తయ్యగారూ, పేషెంట్ అనకండి. గెస్ట్ అనండి.”

“అట్లనే మేడం. గా మూడో నంబర్ పేషెంటు గెస్టు, జావ వద్దంటుండు.”

ఆయన తప్పేముంది? అప్పుడూ ఆరింటికి గంట కొట్టేవారు, ఇప్పుడూ కొడతారు. అప్పుడూ రాగానే సొంత బట్టలు తీసుకుని తెల్లబట్టలు ఇచ్చేవారు, ఇప్పుడూ అంతే. ఆ జొన్న జావే పింగాణీ గిన్నెలోకి మారి మిల్లెట్ బౌల్ అయింది. అల్లరి ఎక్కువైనవాళ్లను ఉంచే ఒంటిగది ఇప్పుడు సైలెన్స్ సూట్. దానికి బయటి నుంచి గడియ. తీసేద్దామని హరిచందన అంటే, ఒక కంపెనీ వైస్ ప్రెసిడెంటు బతిమాలాడట. బయట గడియ పెడితే తప్ప ఆఫీసు మెయిళ్లు చూడకుండా ఉండలేనని. ఆ గదికి మూడు నెలల వెయిటింగ్ లిస్టు! డాక్టరుగారి కాలంలో అందులోకి ఒక్కడు ఇష్టపడి వెళ్లాడా?

ఇలా అన్నీ సవ్యంగా ఉన్న రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున గేటు ముందు ఆటో ఆగింది.

దిగిన మనిషి పేరు సత్తమ్మ. వెనక సీట్లో ఆమె భర్త సోమయ్య కదలకుండా కూర్చుని ఉన్నాడు. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి. బలమైన చేతులు, పీక్కుపోయిన కళ్లు.

“కాకా, డాక్టర్ సారు ఉన్నడా?”

“గిది దవాఖాన గాదు బిడ్డ. బందయి ఏడేండ్లయితాంది.”

సత్తమ్మ గోడ వైపూ గేటు వైపూ చూసింది. “దవాఖాన ఎట్ల బందయితది కాకా? రోగాలు బంద్ గాలే గదా.”

గెస్టులు అడిగే ప్రశ్నలన్నిటికీ హరిచందన ముత్తయ్యకు జవాబులు నేర్పింది గానీ, ఇది అందులో లేదు.

“పదకొండు దినాలయింది, కన్ను మూతవడలే. నీళ్లల్లకెల్లి ఎవలో పిలుస్తుండ్రంటడు,” అంది సత్తమ్మ, మొగుడికి వినపడకుండా గొంతు తగ్గించి. “రెండుసార్లు బట్టల మీదనే చెర్లకు నడిసిండు. నిన్న మెడ దాంక పోయిండు. మా తమ్ముడు సూసి గుంజుకొచ్చిండు. మా అత్తకు, గీయన అవ్వకు గిట్లనే అయితె గీన్నే మంచిగయింది. పోశవ్వ అని. నువ్వెరుగుదువా?”

ముత్తయ్యకు పోశవ్వ ఎందుకు తెలియదు? మూడు నెలలు ఆడవాళ్ల వార్డులో ఉంది. వచ్చినప్పుడు అన్నం ముద్ద గోడకేసి కొట్టేది. పోయేనాటికి వార్డులో అందరికీ తనే వడ్డించేది. నయమై ఇంటికి వెళ్లిన తర్వాత ప్రతి ఏడూ మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు నాడు తడిగుడ్డలో రెండు కొర్రమీనులు చుట్టుకుని వచ్చి గేటు దగ్గర ఇచ్చి పోయేది. చచ్చిపోయిన ఏడు తప్ప ఎన్నడూ తప్పలేదు.

రూలు స్పష్టంగా ఉంది. బుకింగ్ లేనివాళ్లను నిలబెట్టి మాట్లాడటం కూడా తప్పే. ముత్తయ్యకు యాభై తొమ్మిదేళ్లు. ఈ వయసులో ఇంకో గేటు ఎవరిస్తారు? ఆటో డ్రైవరు అప్పటికే బండి తిప్పడానికి చూస్తున్నాడు. తిప్పితే అది మళ్లీ చెరువు పక్కకే పోతుంది.

అప్పుడు ఆయనకు ఆరో నంబర్ సూట్ గుర్తొచ్చింది.

ఆ సూట్‌లో ఉన్న భవిత ఫారంలో గృహిణి అని రాసింది. కానీ వచ్చిన రోజే కిటికీ ఊచలు చూసి, “ఇది ఫీమేల్ వార్డా?” అని అడిగి నాలుక కరుచుకుంది. నడిచేటప్పుడు ప్రతి గడియనూ ఒకసారి తాకి చూస్తుంది. ముప్పై ఏళ్లు డాక్టర్ల వెనక నడిచిన ముత్తయ్యకు ఇంకేం కావాలి? ఊళ్లోవాళ్ల దుఃఖాలన్నీ విని విని తన నిద్ర పోగొట్టుకుని, ఏడు రోజుల మౌనం పుచ్చుకుని కూర్చున్న మానసిక వైద్యురాలు ఆమె. అది నాలుగో రోజు. మాట్లాడనని రాసిచ్చిన మనిషిని ఏమని అడగాలి?

హరిచందన హెడ్డాఫీసుతో వీడియో మీటింగులో ఉంది. ముత్తయ్య గేటు తీశాడు. సోమయ్యకు తెల్లబట్టలు తొడిగించి, పొద్దుటి ధ్యానం సాగుతున్న హాలులోకి నడిపించి, భవిత పక్కన చాప మీద కూర్చోబెట్టాడు. సత్తమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

సోమయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. రెప్ప వేయలేదు. ధ్యానం నేర్పే తృప్తి మేడం కాసేపటికి గమనించి మురిసిపోయింది.

“చూడండి ఫ్రెండ్స్. దీన్ని అంటారు నిశ్చలత అని. ఎన్నేళ్ల సాధనో.” తర్వాత ముందుకు వంగి మెల్లగా అడిగింది. “మీకు ఏం వినిపిస్తోందో మాతో పంచుకుంటారా?”

“నీళ్లు పిలుస్తున్నయి,” అన్నాడు సోమయ్య. “మా అవ్వ గూడ అండ్లనే ఉంది. నేను జల్దీ పోవాలె.”

హాలంతా చప్పట్లు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. వైస్ ప్రెసిడెంటు రెండు చేతులూ జోడించాడు.

చప్పట్లు కొట్టనిది ఒక్క భవిత. ఆమె సోమయ్య రెప్ప వేయని కళ్ల వైపు చూసింది, తలుపు దగ్గర చీరకొంగు నోట్లో కుక్కుకున్న సత్తమ్మ వైపు చూసింది. నాలుగు రోజుల మౌనం తర్వాత ఆమె గొంతు బొంగురుగా వచ్చింది.

“అన్నా, నిద్రపోయి ఎన్ని దినాలయింది?”

“మేడం, మౌనం...” అంది తృప్తి.

“అది తర్వాత,” అని భవిత లేచి, సోమయ్య చెయ్యి పట్టుకుంది.

పాత ఓపీ గదిలో ఇప్పుడు సుగంధ తైలాలు అమ్ముతారు. ఆ సీసాలు పక్కకు జరిపి సోమయ్యను కూర్చోబెట్టింది. అరగంట మాట్లాడింది, ఎక్కువసేపు విన్నది. చివరికి సత్తమ్మతో, “చేతబడి కాదు, గాలి కాదు. జబ్బు. మందు ఉంది. కానీ ఇయ్యాలే అడ్మిట్ చెయ్యాలె, ఒక్క నిమిషం గూడ ఒంటరిగ ఇడవొద్దు,” అని, ముత్తయ్య వైపు తిరిగింది. “నా ఫోన్ కావాలి.”

గెస్టుల ఫోన్లన్నీ లాకర్‌లో ఉంటాయి. గడువు పూర్తి కాకుండా ఇస్తే ఉద్యోగం ఉండదని గోడ మీద రాసి ఉంటుంది. ముత్తయ్య లాకర్ తెరిచాడు. ఆమె సర్కారు దవాఖానలో తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, మంచం ఖాళీ ఉందని కనుక్కుని, భార్యాభర్తల్ని తన కారులోనే ఎక్కించుకుంది.

కారు గేటు దాటుతుంటే హరిచందన పరుగున వచ్చింది.

“ముత్తయ్యగారూ, ఆయనెవరు? గెస్ట్ కాదా?”

“గెస్టే మేడం. జర తొందరగ చెక్ అవుట్ అయిండు.” తర్వాత ముత్తయ్య స్టూలు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. “తప్పు నాదే. రాసియ్యమంటె రాసిస్త.”

హరిచందన రాసివ్వమని అడగలేదు.

సోమయ్య మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. మొదటి రెండు రోజులు నిద్రే పోయాడు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు గట్టు మీద కూర్చుని వలలు బాగుచేసి, తర్వాత బామ్మర్దిని వెంటబెట్టుకుని చెరువులో దిగాడు. రాత్రి మాత్ర సత్తమ్మే లెక్కగా ఇస్తుంది.

ఈలోగా గెస్టుల ఫీడ్‌బ్యాక్ హెడ్డాఫీసుకు చేరింది. అందరూ ఐదు నక్షత్రాలే! ఆ జాలరి గురువు మళ్లీ ఎప్పుడు వస్తారని పదకొండు మంది అడిగారు. హెడ్డాఫీసు ఆదేశం ప్రకారం హరిచందన పూలబొకేతో చెరువుగట్టుకు వెళ్లి, వారానికోసారి వచ్చి ఊరికే కూర్చుంటే చాలని సోమయ్యను కోరింది.

సత్తమ్మ చేపలు తోముతూ తల ఎత్తింది. “ఆయనకు నయమయింది మేడం. ఇగ ఆడ కూసోలేడు.”

భవిత మిగిలిన మూడు రోజుల మౌనానికి తిరిగి రాలేదు. ఆదివారాలు పొద్దున షామీర్‌పేటలో చేపలు పట్టేవాళ్ల సంఘం గదిలో కూర్చుని రోగుల్ని చూడటం మొదలుపెట్టింది. సంగతి కీసర దాకా పాకింది. పాత గుర్తుతో గేటు దగ్గరికి ఆటోలు రాసాగాయి. ముత్తయ్య వాటికి సంఘం గదికి దారి చెప్పేవాడు. తెల్లబట్టల్లో ప్రశాంతతను వెతుక్కునేవారికి ఈ ఆటోలు ఎంత ఇబ్బంది? హెడ్డాఫీసు ఆలోచించి గేటుకు పెద్ద బోర్డు పంపింది:

‘ఇది ఆసుపత్రి కాదు. మానసిక ఇబ్బందులు ఉన్నవారికి ప్రవేశం లేదు.’

బోర్డు బిగించిన మరుసటి ఆదివారం పొద్దున ఒక క్యాబ్ ఆగింది. ముప్పై ఏళ్ల కుర్రవాడు, మంచి బూట్లు, చక్రాల సూట్‌కేసు. బోర్డు చదివాడు. ఫోన్‌లో బుకింగ్ చూసుకున్నాడు. మళ్లీ బోర్డు చదివాడు. క్యాబ్ వెళ్లిపోయింది. అతను కదలలేదు.

“బుకింగ్ ఉందా సారు?” అన్నాడు ముత్తయ్య.

“ఉంది పెద్దయ్యా.” కాసేపు ఆగి బోర్డు వైపు చూపించాడు. “నాలుగు నెలలుగా నాకు నిద్ర లేదు. ఎవరికీ చెప్పలేదు. మరి నేను లోపలికి రావచ్చా?”

ముత్తయ్య అతని కళ్లలోకి చూశాడు. తర్వాత గడియారం చూశాడు.

“గీడ వద్దు బిడ్డ. డాక్టరమ్మ పన్నెండింటి దాంక ఉంటది. పా, నేను తోల్కపోత.”

సూట్‌కేసును టీవీఎస్ బండి ముందర పెట్టి, గేటుకు బయటి నుంచి తాళం వేశాడు. లోపల పదిహేడు మంది మౌనంగా ఉన్నారు. ఎవరూ పిలవలేదు.