అధ్యక్షులవారి చిటికెనవేలు

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ రిటైరైన బస్సు డ్రైవరుగారు ఒక నిర్ణయం ప్రకటించారు. కొత్తగా వియ్యమందిన ప్లీడరుగారిని మాజీ అధ్యక్షులవారి స్మారకానికి తీసుకెళ్ళి, తన పాదాన్ని తానే చూపిస్తారట.

సంగతేమిటంటే, ఆ స్మారకంలో కుర్చీలో కూర్చున్న రాతి అధ్యక్షులవారి ఎడమ పాదం డ్రైవరుగారిది. విగ్రహం చెక్కిన శిల్పి ఒకప్పుడు వాళ్ళ మేడమీద అద్దెకుండేవాడు. అధ్యక్షులవారి ముఖానికి ఫొటోలు బోలెడు దొరికాయి గాని, పాదాలను ఫొటో తీసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అందుకని శిల్పి కింది వాటాలోని పాదాన్ని అరువు తెచ్చుకున్నాడు. ఆ పాదానికి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుని ఉంటుంది. శిల్పి దాన్నీ వదల్లేదు. అప్పటినుంచి డ్రైవరుగారు దేశం మొత్తం తన కాలి మీదే నిలబడ్డట్టు మాట్లాడేవారు.

"ఆధారం ఏమన్నా ఉందా బావగారూ?" అన్నారు ప్లీడరుగారు. పెళ్ళినాటి నుంచీ ఆయన ఈ ప్రశ్న వేస్తూనే ఉన్నారు. కూతురి అత్తవారింట్లో తనకు కోతలరాయుడని పేరు పడిందని డ్రైవరుగారికి తెలుసు. పిల్ల ముందు తల ఎత్తుకోలేకపోతున్నానని లోలోపల ఆయన బాధ.

"రాయి అబద్ధం చెప్పదు. మీరే చూద్దురుగాని పదండి."

డ్రైవరుగారి భార్యతో సహా ముగ్గురూ తీరా వెళితే, ముందురోజే అధ్యక్షులవారి వర్ధంతి జరిగింది. విగ్రహం పాదాలు కనపడకుండా పూలదండలు గుట్టగా పడి ఉన్నాయి. అవి తీసేదాకా చుట్టూ కట్టిన తాడు దాటకూడదన్నారు అక్కడి సిబ్బంది.

"పోనీ, ముందు అసలు పాదం చూడండి," అని డ్రైవరుగారు మెట్టుమీద కూర్చుని ఎడమ బూటూ, మేజోడూ విప్పారు. బూటు చేయిజారి, మెట్లన్నీ దొర్లుకుంటూ వెళ్ళి కింద ఉన్న కొలనులో పడింది. ఆయన లేచి నిలబడి, తల వంచుకుని దానికేసి చూస్తూ ఉండిపోయారు.

అప్పుడే బడిపిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన టీచరమ్మకు, ఒక పెద్దాయన ఒంటి బూటుతో తలవంచి నిలబడడం కనిపించింది. ఆవిడ మనసు కరిగిపోయింది. "చూశారా, ఎంత గౌరవమో. మీరు కూడా ఎడమ బూటు విప్పండి," అంది. పిల్లలు విప్పారు. వెనకున్న జనం మనకెందుకొచ్చిన గొడవ అనుకుని విప్పారు. ఆరోజే డ్యూటీలో చేరిన గార్డుకు ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు. తెలియదంటే చులకనైపోతానని గొంతు సవరించుకుని, "ఎడమది విప్పాలి, ఎడమది విప్పాలి," అని కేకలు మొదలెట్టాడు.

"ఏ నిబంధన ప్రకారం?" అన్నారు ప్లీడరుగారు.

"అందరూ విప్పుతున్నారు కదండీ."

ఇంత బలమైన వాదన ఆయన కోర్టులో ఎన్నడూ వినలేదు. తానూ ఎడమ బూటు విప్పారు. మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికి తొంగిచూసింది.

ఇంతలో స్మారకం అధికారిణి వచ్చింది. అంతమంది ఒంటికాలి బూటుతో ఉండేసరికి, పైనుంచి తనకు అందని ఉత్తర్వు ఏదో వచ్చిందనుకుని ఆవిడా ఒక చెప్పు వదిలేసి, దండలు తీయించింది. పాదం బయటపడింది. జనం తాకి తాకి చిటికెనవేలు నున్నగా మెరుస్తోంది. పక్కవేలి మీదికెక్కే ఉంది.

డ్రైవరుగారి ఛాతీ ఉప్పొంగింది. మాట్లాడబోయారు.

"ఈ వేలు చూడండి పిల్లలూ," అంది అధికారిణి. "జైల్లో సంకెళ్ళ వల్ల విరిగిందంటారు. ఆ కాలితోనే ఆయన ఊరూరూ నడిచారు."

చంకకర్రతో ఉన్న ఒక పాప ముందుకొచ్చి ఆ వేలిని నిమిరింది. "అంత నొప్పిలోనూ నడిచారా?"

"నడిచారమ్మా."

పాప కర్ర సర్దుకుని నిటారుగా నిలబడింది. డ్రైవరుగారు తెరిచిన నోరు మూసేశారు.

"చెప్పండి బావగారూ. ఆ పాదం మీదేనన్నారుగా?" అన్నారు ప్లీడరుగారు, అందరికీ వినపడేలా.

పాప ఆయనకేసి చూసింది.

"ఏదో సరదాకి అన్నానండీ. అది ఆయన పాదమే," అన్నారు డ్రైవరుగారు. ఆ పాదం విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే.

ప్లీడరుగారు గెలిచిన నవ్వుతో తన బూటు కోసం వంగారు. వంగినవారికి డ్రైవరుగారి ఒట్టి పాదం కళ్ళబడింది. దాన్నీ, రాతి పాదాన్నీ, పాపనూ మార్చి మార్చి చూశారు. నవ్వు మాయమైంది. లేచి వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నారు.

"గెలిచే కేసు కావాలని ఓడిపోయినవాణ్ణి ఇన్నాళ్ళకు చూశాను బావగారూ. మీ అమ్మాయి మా ఇంటి కోడలైనందుకు గర్వంగా ఉంది," అన్నారు. డ్రైవరుగారికి కళ్ళు చెమర్చాయి. కొలనులో బూటు సంగతే మరచిపోయారు.

డ్రైవరుగారి భార్య కారెక్కాక నోరు విప్పింది. "జైలూ లేదు, సంకెళ్ళూ లేవు. నేను దాచిన మిఠాయి కోసం ఈయన దొంగచాటుగా వెళుతూ మంచంకోడుకి తన్నుకున్నారు."

ఇల్లు చేరగానే ప్లీడరుగారు ఆ మంచం ఎక్కడుందో అడిగి, గుమ్మంలో ఎడమ బూటు ఒక్కటే విప్పి లోపలికి వెళ్ళారు.